ట్రాక్టరు మిస్ కొట్టినంతనే ఇంజను విప్పరాదు



వానలు పడి, మడిలో నీరు నిలిచి, దమ్ముకు అదను కుదిరిన నాడే పాత ట్రాక్టరు మొరాయించుట మీకు క్రొత్త కాదు. ఇంజను స్టార్టగును గాని కుంటి ఎద్దువలె నడచును. గొట్టము తెల్లని పొగ కక్కును. బురదలో దిగిన వెంటనే బలము చాలక ఆగిపోవును. దీనినే మనవారు “ఇంజను మిస్ కొట్టుచున్నది” అందురు. ఉన్న మూడు లేక నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా పని చేయుట లేదని దాని అర్థము.

అట్టి సమయమున “హెడ్ విప్పవలెను, బోరు చేయించవలెను” అని ఎవరైన అనగానే సరేననుట తగదని నా అభిప్రాయము. కారణము తేలక ముందు ఇంజను విప్పుట, నాడి చూడకుండ కడుపు కోయుట వంటిది.

ఇది నేను నష్టపడి నేర్చిన పాఠము. అనకాపల్లి సమీపమున మాకు కొంత వరి, కొంత చెరకు సాగు గలదు. మూడు సిలిండర్ల పాత ట్రాక్టరు ఒకటి ఉన్నది. ఒక ఖరీఫులో అది మిస్ కొట్టగా, ఒక వర్కుషాపు వారు పిస్టనులు, లైనర్లు మార్చవలెననిరి. ఒప్పుకొంటిమి. తొమ్మిది రోజులు గడచినవి. ఇంతలో నారు ముదిరినది. మాట ఇచ్చిన కూలీలు వేరొకరి మడికి పోయిరి. బండి ఇంటికి వచ్చిన నాడే మరల మిస్ కొట్టినది! తుదకు చెడినది ఒక్క ఇంజక్టరు నాజిల్ అని తేలినది. రోగమొకటి, మందొకటి అయినది. తప్పు వారిది మాత్రమే కాదు. అడుగవలసిన రెండు ప్రశ్నలు మేము అడుగలేదు. ఏ సిలిండరు పని చేయుట లేదు? ఆ సంగతి ఎట్లు తెలిసినది?

డీజిల్ ఇంజనులో ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమినచో పుట్టు వేడికే డీజిల్ అంటుకొనును. కనుక ప్రతి సిలిండరుకు మూడు కావలెను. మంచుతుంపరవలె సకాలమున పడు శుభ్రమైన డీజిల్, చాలినంత గాలి, తగిన అదుము. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చు గలది తరువాత చేయుట న్యాయము.

మొదట డీజిల్ చూడుడు. విశాఖలో చమురు శుద్ధి కర్మాగారము 1957లోనే వెలసినది. డీజిల్ ఎంత దగ్గర నుండి వచ్చినను, మన పీపాలో నీరు చేరినచో లాభమేమి? సముద్రపు గాలిలో తేమ హెచ్చు. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనమునకు ఆ తేమ నీరై అడుగున చేరును. కావున సాయంకాలమే ట్యాంకు నింపవలెను. ఫిల్టరు అడుగు మర విప్పి నీరు వదలి, పైపులలోని గాలి తీయవలెను.

అప్పటికిని కుంటినచో, చెడిన సిలిండరును కనుగొనుడు. ఇంజనును నెమ్మదిగా నడుపుచు, ఒక ఇంజక్టరు పైపు నట్టును గుడ్డ చుట్టి స్పానరుతో కొద్దిగా వదులు చేసి, మరల బిగించవలెను. ఇట్లే ఒకదాని తరువాత ఒకటి చేయవలెను. వదులు చేయగానే ఇంజను మరింత కుంటినచో ఆ సిలిండరు మంచిదే. వదులు చేసినను శబ్దము మారకున్నచో, దొంగ అదియే.

ఇచట ఒక హెచ్చరిక. ఇంజక్టరు నుండి గాని, పైపు నుండి గాని చిమ్ము డీజిల్‌కు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చి లోనికి పోయి, చేయి తీసివేయవలసిన స్థితి తేగలదు. అట్లు జరిగినచో గాయము చిన్నదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ పరీక్ష పాతకాలపు పంపు గల ఇంజనులకే. కామన్ రైలు పద్ధతి గల క్రొత్త ట్రాక్టర్లలో ఒత్తిడి వేయి బార్లకు మించును. వాటి జోలికి పోరాదు.

దొంగ దొరికిన పిమ్మట, ఇంజను ఆపి ఆ ఇంజక్టరును ప్రక్క సిలిండరు ఇంజక్టరుతో మార్చి చూడుడు. చుట్టునున్న మట్టిని ముందుగా తుడిచి, క్రొత్త రాగి వాషర్లు వేయవలెను. జబ్బు ఇంజక్టరుతోపాటు ప్రక్క సిలిండరుకు పోయినచో, నాజిల్‌ను డీజిల్ పంపు షాపులో పరీక్ష చేయించిన చాలును. జబ్బు కదలకున్నచో టాపెట్ల సందును, పంపు ఆ పైపుకు డీజిల్ పంపుచున్నదీ లేనిదీ, సిలిండరు అదుమును వరుసగా చూపించవలెను. నీలి పొగ వచ్చుచు ఆయిలు తగ్గుచున్నచో రింగులను, రేడియేటరులో బుడగలు లేచి నీరు తరుగుచున్నచో హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానింపవలెను. అప్పుడు హెడ్ విప్పుటకు వెనుకాడరాదు.

“కుంటినను నడచుచున్నది గదా, పంట చేతికి వచ్చిన పిమ్మట చూతము” అను వారు కలరు. ఇది మరింత నష్టము. కాలని డీజిల్ లైనరు మీది ఆయిలును కడిగివేసి, క్రిందికి దిగి ఇంజను ఆయిలును పలుచన చేయును. బేరింగులు అరుగును. డిప్ స్టిక్ మీద ఆయిలు పెరిగి డీజిల్ వాసన వేసినచో బండి వెంటనే ఆపవలెను. నాలుగింట ఒకటి చెడినచో నాల్గవ వంతు బలమే పోవుననుకొనుటయు పొరపాటు. పని చేయని దానిని మిగిలిన మూడును మోయవలెను గదా!

విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఆ రేవులోని చేపల పడవలు డీజిల్ ఇంజనులతోనే నడచును. నడి సముద్రమున వర్కుషాపు ఉండదు గనుక పడవవాడు ఇంజను శబ్దమును చెవితో పట్టవలసినదే. మడిలోని రైతుకు ఆ నేర్పు ఏల ఉండరాదు? గ్రామమున పది మంది కలసి ఒక మంచి స్పానర్ల సెట్టు, ఒక ఫీలరు గేజి కొనుక్కొనుట కష్టము కాదు. రైతు శిక్షణ తరగతులలో ఎరువులు, విత్తనములతోపాటు ఈ అరగంట పరీక్షను కూడ చేసి చూపవలెనని నా మనవి.

మెకానిక్కును గౌరవించుడు, కూలి తగ్గించి బేరమాడవద్దు. అయితే ఆ రెండు ప్రశ్నలు అడుగుడు. మార్చిన పాత సామాను తిరిగి తీసుకొనుడు. ఇంజనుకు ప్రాణము ఉన్నంత కాలము దాని మాట ముందు వినుడు, ఆ తరువాతనే స్పానరు పట్టుడు.