గంట ప్రయాణానికి అయిదు గంటలు!

హైదరాబాద్ నుంచి విజయవాడకు విమానం టికెట్ కొంటే ప్రయాణ సమయం అటూఇటూగా గంట అని ఉంటుంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి గీత గీసినట్టు కొలిస్తే దూరం సుమారు 265 కిలోమీటర్లు. ఇలాంటి చిన్న దూరాలకు వాడే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన అరగంటలో దిగిపోవాలి. మరి మిగతా అరగంట ఏమైనట్టు?

టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం కాదు. విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా అంతా లెక్కే. రన్‌వే దాకా మెల్లగా వెళ్లాలి, ముందున్న విమానాలు లేచేదాకా ఆగాలి. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి. గన్నవరం ఉన్నది తూర్పున. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంటే మాత్రం పడమటి ముఖంగా లేచి, చుట్టు తిరిగి రావాల్సిందే. జెట్ విమానమైతే చిటికెలో చేరొచ్చనుకుంటారు గానీ ఇంత దగ్గరి ఊరికి దాని వేగం పెద్దగా అక్కరకు రాదు. పైకి ఎక్కడం, కిందికి దిగడంతోనే సరిపోతుంది.

అసలు సమయం ఖర్చయ్యేది నేలమీదే. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంటంపావు. రెండు గంటల ముందే రమ్మంటారు. ప్రయాణం గంట. సామాను కోసం ఓ పావుగంట. గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కు ట్రాఫిక్‌తో కలిపి ముప్పావుగంట. మొత్తం అయిదుంపావు గంటలు! కారులోనైనా దాదాపు అంతే పడుతుంది. సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కితే నాలుగు గంటల పైచిలుకే. 2008 మార్చి వరకూ విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. అప్పుడు సగం నగరానికి విమానాశ్రయం ఆటో దూరం. ఇప్పుడా సౌకర్యం లేదు.

అలాగని ఈ విమానం దండగేం కాదు. మోకాళ్ల నొప్పులతో అయిదు గంటలు కారులో కూర్చోలేని పెద్దవాళ్లకు ఇదే నయం. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్లను చూసినవాళ్లూ ఆ మాటే అంటారు. కాకపోతే ఆ రోజుల్లో టికెట్ ధర కూడా విమానంలాగే పైకి లేస్తుంది.

బాగా కలిసొచ్చేది విదేశాల నుంచి వచ్చేవారికి. వాళ్లు ఎలాగూ శంషాబాద్‌లోనే దిగుతారు, ఊరు దాటి రావాల్సిన బాధ లేదు. అయితే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే ముగించుకుని, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. అందుకే రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలైనా ఉండేలా చూసుకోవడం మంచిది. వీలైతే రెండూ ఒకే టికెట్ మీద తీసుకోవాలి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.