గాజు బిగిసిన రోజే చెప్పండి

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, కుట్లు విప్పి ఇంటికి వచ్చిన స్త్రీని చూసి బంధువులు ‘గండం గడిచింది’ అంటారు. అది నిజమే. కానీ కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో ఆ వైపు చేయి బరువెక్కుతుంది. గాజు బిగుస్తుంది, రవిక చేయి పట్టదు. ప్రాణం దక్కింది కదా, చేతి సంగతి ఎందుకులే అని ఆమె ఎవరికీ చెప్పదు. ఆ మౌనం గురించే ఈ నాలుగు మాటలు.

నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న రోజుల్లో మైపాడు వైపు నుంచి ఒక మహిళ వాచిన చేతితో వచ్చారు. మన కోస్తాలో వాపు అనగానే తోచేది బోదవ్యాధి. ఎవరో చెప్పగా ఆమె నెలల తరబడి ఆ మాత్రలే మింగారు. రొమ్ము ఆపరేషన్ సంగతి నేను అడిగేదాకా చెప్పలేదు.

రెండు వాపులూ లింఫ్ ద్రవం సరిగా పారక వచ్చేవే. బోదవ్యాధిలో దోమకాటుతో చేరిన పురుగులు ఆ నాళాలను పాడు చేస్తాయి. ఇక్కడ క్యాన్సరు కోసం చంకలోని గ్రంథులను తీసివేయడం వల్ల, లేదా రేడియేషన్ వల్ల దారి మూసుకుపోతుంది. కనుక బోదవ్యాధి మాత్రలు దీనికి పనిచేయవు, నీరు దిగే మాత్రలూ పనిచేయవు. చంక గ్రంథులన్నీ తీసిన వారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. ఒకటి రెండు గ్రంథులను మాత్రమే పరీక్షకు తీసినవారిలో చాలా తక్కువ.

నొప్పులన్నీ ఒకటి కావు. భుజం బిగుసుకుపోతే వ్యాయామంతో సడలుతుంది. పై చేయి లోపలి వైపు తిమ్మిరి, మంట ఉంటే అది నరాల నొప్పి. దానికి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి మాత్రలతో తగ్గదు.

‘ఆ చేత్తో ఏ పనీ చేయవద్దు’ అని మా తరం వైద్యులం చెప్పేవాళ్ళం. నేనూ చెప్పాను. అది పొరపాటు. ఇప్పటికే చేయి వాచిన 141 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. శిక్షకుల పర్యవేక్షణలో మెల్లగా బరువులెత్తినా వాపు పెరగలేదు, పైగా చేతి బలం పెరిగింది. కనుక సర్జన్ చెప్పిన రోజు నుంచే గోడ మీద వేళ్ళను పాకిస్తూ చేయి పైకెత్తడం మొదలుపెట్టండి. వాపు ఉంటే ఫిజియోథెరపిస్టు కొలత తీసి ఇచ్చిన కంప్రెషన్ స్లీవ్ తొడుక్కోండి. దర్జీ టేపుతో నెలకోసారి రెండు చేతులనూ ఒకే చోట కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లకు చేరితే ఆలస్యం చేయవద్దు. తేడా అంత లేకున్నా బరువు, బిగుతు అనిపిస్తే చాలు, చూపించుకోండి.

మన తీరంలో రొయ్యలు వలిచే స్త్రీలు మరింత జాగ్రత్తపడాలి. రొయ్య కొమ్ము గుచ్చుకున్న చిన్న గాటు చాలు, ఆ చేతికి చీము పట్టడానికి. గ్లవ్స్ వేసుకోండి. గాటు పడితే సబ్బుతో కడగండి. చేయి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఉన్నట్టుండి వాచినా, ఏళ్ళ తర్వాత కొత్తగా వాచినా రక్తం గడ్డకట్టిందేమో, జబ్బు తిరగబెట్టిందేమో పరీక్షించాలి.

ఇక నా అభిప్రాయం. 2004లో దేశవ్యాప్తంగా బోదవ్యాధి మాత్రల పంపిణీ మొదలయ్యాక ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళారు. వాచిన కాలును రోజూ కడిగి తుడుచుకోవడం నేర్పారు. వాచిన అవయవాన్ని ఎలా కాపాడుకోవాలో మన ఊళ్ళకు తెలుసు. ఆ శ్రద్ధ ఈ చేతికీ దక్కాలి. క్యాన్సరు ఆపరేషన్‌ను ఉచితంగా చేయించే పథకం స్లీవ్‌ను, ఫిజియోథెరపీని కూడా చికిత్సలో భాగంగా చూడాలి. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ‘చేయి ఎలా ఉందమ్మా?’ అని ఒక్క మాట అడగాలి.

అంతవరకూ ఆ మాట ఇంట్లోవాళ్ళే అడగండి. తొలినాళ్ళలో పట్టుకుంటే వాపును అదుపులో ఉంచవచ్చు. ఏళ్ళు గడిచి చర్మం గట్టిపడితే మా చేతిలో మిగిలేది తక్కువ.