పురుడెక్కడో ఆమెనూ అడగండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కూతురికి తొలి కాన్పు చేసి చూడు అని మూడోది కూడా చేర్చి వుండాల్సింది. మన ఇళ్లల్లో తొలి పురుడు పుట్టింటివాళ్ల పూచీ. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి, సారె పెట్టి అమ్మాయిని తీసుకొచ్చుకుంటారు. ఆచారంలో తప్పేం లేదు. నొప్పులొచ్చే వేళకి పక్కన అమ్మ వుండటం కంటే ధైర్యం ఇంకేముంటుంది? నా పేచీ ఆచారంతో కాదు, ఆ హడావుడిలో ఆస్పత్రి ఖాయమయ్యే పద్ధతితో.

గమనించండి. "మా కోడలికి ఫలానా ఆస్పత్రిలోనే చేయించాలి, మామూలు చోటయితే మా పరువేం కాను?" అంటారు అత్తగారు. ఎంతవుతుందో అడగలేక తలూపుతాడు ఆడపిల్ల తండ్రి. "మా వీధి డాక్టరమ్మ హస్తవాసి మంచిది" అంటుంది తల్లి. "ఏసీ గది వుందా?" అని ఫోన్లో వాకబు చేస్తాడు అల్లుడు. ఎంచేది ఒకరు, డబ్బు కట్టేది ఒకరు, నొప్పులు పడేది ఇంకొకరు. ఆ మూడో మనిషిని మాత్రం ఎవరూ అడగరు. శ్రీమంతం చీరకి ఏ రంగు కావాలమ్మా అని పదిసార్లు అడుగుతాం. బిడ్డని ఎక్కడ కంటావమ్మా అని ఒక్కసారి అడగం!

ఒకప్పుడు ఈ చర్చ వేరుగా వుండేది. ఇంట్లో మంత్రసాని చేత చేయించడమా, ఆస్పత్రికి తీసుకెళ్లడమా అన్నదే ప్రశ్న. 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం కాన్పులే ఆస్పత్రుల్లో జరిగేవి. 2019-21 సర్వే వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం ఆస్పత్రి కాన్పులే. మధ్యలో జననీ సురక్షా యోజన వచ్చింది, 2005లో 108 అంబులెన్సు వచ్చింది, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. పురిటి మంచం మీదే కళ్లు మూసిన తల్లుల కథలు మన అమ్మమ్మల నోట ఎన్ని విన్నామో! ఆ రోజులు పోవడం చిన్న విషయం కాదు. ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఏ ఆస్పత్రి అన్నదే.

అదే సర్వేలో ఇంకో లెక్క చూడండి. తెలంగాణలో ప్రభుత్వాస్పత్రుల్లో నూటికి 44 మందికి పైగా ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తే, ప్రైవేటులో 81 మందికి పైగా. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వంలో 27 మందికి దగ్గరగా, ప్రైవేటులో 63 మంది. ఒకే ఊరి ఆడవాళ్ల శరీరాలు ఒక గేటులోంచి వెళితే ఒకలా, ఇంకో గేటులోంచి వెళితే ఇంకోలా మారిపోతాయా? జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

సిజేరియన్ తప్పని నేననడం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి వున్నా, తల్లికి బీపీ చెయ్యి దాటినా ఆ కోతే ఇద్దరినీ కాపాడుతుంది. పోనీ తప్పంతా డాక్టర్లదేనా అంటే అదీ కాదు. "అమ్మాయి నొప్పులకి ఓర్చుకోలేదండీ, కోసెయ్యండి" అనేది మనమే. పంచాంగం పట్టుకెళ్లి ఫలానా నక్షత్రంలో, ఫలానా గంటకి తియ్యమనేదీ మనమే. ముహూర్తం కోసం 39 వారాలు నిండకుండా బయటికి తెచ్చిన బిడ్డకి ఊపిరి తీసుకోవడం కష్టమయ్యే ప్రమాదం ఎక్కువ. జాతకం బాగుండాలంటే ముందు బిడ్డకి ఊపిరి ఆడాలి కదా!

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పెళ్లై హైదరాబాద్‌లో వుంది. ఎనిమిదో నెలదాకా అక్కడే ఒక డాక్టరు దగ్గర చూపించుకుంది. రక్తం తక్కువగా వుందని ఆవిడ మాత్రలిచ్చారు. తొమ్మిదో నెలలో గోదావరి వైపు పుట్టింటికి వచ్చింది. చీరలూ నగలూ వచ్చాయి గానీ రిపోర్టుల ఫైలు హైదరాబాద్ బీరువాలోనే వుండిపోయింది. అత్తవారు చెప్పిన కొత్త నర్సింగ్ హోంలో చేర్చారు. అద్దాల తలుపులు, చల్లటి గది. కాన్పు మామూలుగానే అయింది. ఆ తర్వాతే రక్తస్రావం మొదలై ఆగలేదు. అక్కడ రక్తం నిలవ లేదు. రాత్రి ఒంటిగంటకి పక్క టౌనుకి పరుగులు. దేవుడి దయవల్ల దక్కింది. కోలుకున్నాక చూడ్డానికి వెళితే, "ఎక్కడ కంటావని నన్నెవరూ అడగలేదు పిన్నీ. అడిగినా అక్కడ రక్తం వుందో లేదో కనుక్కోవాలని నాకు మాత్రం ఏం తెలుసు?" అంది.

ఆ మాటలో రెండు సంగతులున్నాయి. అమ్మాయిని అడగాలి. అడిగితే చెప్పగలిగేలా ఆమెకి తెలిసి వుండాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకి రక్తహీనత వున్నట్టు సర్వేలు చెబుతున్నాయి. అలాంటప్పుడు ఆస్పత్రి గుమ్మంలో అడగాల్సింది ఏసీ గురించా, రక్తం గురించా?

నన్నడిగితే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాలి. రాత్రిపూట డాక్టరు ఇక్కడే వుంటారా, ఫోన్ చేస్తే వస్తారా? వస్తే ఎంతసేపట్లో? మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు అందుబాటులో వుంటారా? రక్తం ఎక్కడినుంచి తెస్తారు? పరిస్థితి చెయ్యి దాటితే ఏ ఆస్పత్రికి పంపిస్తారు, బండి ఎవరిది? నూటికి ఎంతమందికి సిజేరియన్ చేస్తున్నారు? నొప్పుల గదిలోకి మా మనిషిని రానిస్తారా? మామూలు కాన్పుకి ఎంత, ఆపరేషన్‌కి ఎంత, బిడ్డని అద్దాల పెట్టెలో పెడితే రోజుకి ఎంత? ఇవడిగితే విసుక్కునే చోటు నొప్పులొచ్చాక మాత్రం ఓపిగ్గా చూస్తుందా? తొలి కాన్పు ఆపరేషన్ అయినవాళ్లు రెండోది మామూలుగా ప్రయత్నించవచ్చా అనీ అడగాలి. చాలామందికి వీలవుతుంది. కాకపోతే అవసరం పడితే వెంటనే ఆపరేషన్ చెయ్యగలిగిన చోటే ప్రయత్నించాలి.

ప్రభుత్వాస్పత్రి అనగానే ముఖం చిట్లించుకునేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆస్పత్రులు, విశాఖలో మనం ఘోషాసుపత్రి అనుకునే విక్టోరియా ఆస్పత్రి ఎన్ని తరాలకి పురుళ్లు పోశాయో! 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానూపోనూ బండి అన్నీ ఉచితం. అక్కడ కిటకిటలాడే జనం, కసురుకునే మాటలు, బిడ్డ పుట్టగానే చెయ్యి చాపే వార్డు సిబ్బంది లేరని నేననను. పేదరాలికి మర్యాద ఎందుకు దొరకదని అడగాల్సిందీ మనమే. నొప్పులు పడే ఆమె పక్కన ఇంటి ఆడమనిషి వుండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ మాట గట్టిగా అడిగి చూడండి. అడిగేవాళ్లు పెరిగితేనే తలుపు తెరుచుకుంటుంది.

అన్నింటికంటే ముఖ్యం, ఈ ఏర్పాటు తొమ్మిదో నెలకి వాయిదా వెయ్యకూడదు. ఐదో నెలలోనే కాన్పు ఎక్కడో అనుకోవాలి. పుట్టింటికి వెళ్లేటట్టయితే ఏడో నెలలోపే ఒకసారి వెళ్లి అక్కడి డాక్టరుకి చూపించుకుని రావాలి. తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్త పరీక్షల కాగితాలు సారె కంటే ముందు పెట్టెలో సర్దాలి. ప్రయాణంలో వున్నా నెలనెలా పరీక్ష తప్పకూడదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకి డాక్టరు ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచీ వుంది. ఈ ఊరిదాన్ని కాదే అని మొహమాటపడక్కర్లేదు. బీపీ, షుగరు, కవలలు, పాత ఆపరేషన్ - ఇలాంటివేవైనా వుంటే పెద్దాస్పత్రికి దగ్గరగా వున్న ఇల్లే మంచిది, అది పుట్టిల్లయినా అత్తిల్లయినా. ఆచారం మనకోసం గానీ మనం ఆచారం కోసం కాదు. కావాలంటే అమ్మే కూతురి దగ్గరికి వచ్చి నాలుగు నెలలుంటే తప్పేమిటి?

అత్తగార్లకీ అమ్మలకీ నాదొక్కటే మనవి. మీ అనుభవం చెప్పండి, సలహాలివ్వండి, డబ్బు సంగతి వియ్యాలవారు కూర్చుని మాట్లాడుకోండి. "అత్తారు చెప్పారు కదా" అని కాళ్లు తడబడే ఆడపిల్ల తండ్రి మీద అప్పు భారం పెట్టకండి. చివరి మాట మాత్రం మొయ్యబోయే ఆమెకి, కనబోయే ఆమెకి వదిలిపెట్టండి. ఆస్పత్రి చూడ్డానికి వెళ్లేటప్పుడు ఆమెని వెంట తీసుకెళ్లండి. డాక్టరుతో మనం మాట్లాడటం మానేసి ఆమెనే మాట్లాడనివ్వండి. బిడ్డని కనే ధైర్యం ఆమెకి వుంటుందని నమ్ముతున్నాం కదా, ఎక్కడ కనాలో తేల్చుకునే తెలివి కూడా వుంటుందని నమ్మలేమా?