“నీకోసం ఇంత చేశాను” అనేవాళ్ళతో ఎట్లా? (ఏడో భాగం)

పోయిన భాగం పెట్టిన మర్నాడు పొద్దున్నే గురజాల వైపు నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. ఊరి పేరు, ఆమె పేరు చెప్పను. “విషయం రాయన్నా, నేనెవరో మాత్రం తెలియనీయమాక” అంది.

ఆమెది అట్రాసిటీ కేసు. పొలం గట్టు దగ్గర మొదలైన గొడవ కులం పేరుతో తిట్టడం, చెయ్యి చేసుకోవడం దాకా పోయింది. కేసు కట్టించడానికి మన సంఘాల్లోని ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. రెండు రోజులు స్టేషన్ ముందు కూర్చున్నాడు. అది నిజం. ఆ మేలు గురించి ఆమె నాకు నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి ఇట్లా అంది:

“ఆయన చెడ్డోడు కాదన్నా. కానీ ఆయన ఫోన్ మోగితే నాకు కడుపులో నొప్పి మొదలవుద్ది.”

ఎందుకమ్మా అంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఆయన సంచిలో ఉంది. పరిహారం మొదటి విడత పడ్డ బ్యాంకు పుస్తకం కూడా ఆయన దగ్గరే. ఎక్కడ మీటింగ్ పెట్టినా ఈమె రావాలి, మైకు ముందు జరిగింది చెప్పి ఏడవాలి. పిల్లాడికి జ్వరమని ఒకసారి పోకపోతే మూడు రోజులు మాట మానేశాడు. నాలుగో రోజు ఆయనే ఏడుస్తా ఫోన్ చేశాడు. “నా బిడ్డలకంటే నిన్నే ఎక్కువ చూసుకున్నా, ఇదా నువ్వు నాకిచ్చే గౌరవం?” వేరే లాయరును కలిస్తే, “కేసు నీరుగారిపోతే నన్నడగమాక.” మీరు ఆ రోజు ఇట్లా అన్నారు గదా అంటే, “నేనెప్పుడన్నాను? నీకు మనసు బాగాలేదమ్మా, అందుకే లేనిపోనివి గుర్తొస్తన్నయ్.”

“నాకు నిజంగానే పిచ్చి లేచిందేమోనన్నా” అంది చివరికి.

చెల్లీ, నీకు పిచ్చి లేదు. ఈ భాగం అందుకే రాస్తున్నాను.

నాకూ ఒక పెద్దన్న ఉండేవాడు. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులు. అప్పటిదాకా నన్నెవరూ పేరు పెట్టి, భుజం మీద చెయ్యేసి పలకరించింది లేదు. ఆయన పలకరించాడు. మొదటి మీటింగులోనే వేదిక ఎక్కించాడు. పండక్కి చొక్కా కొనిచ్చాడు. నాలాంటి కుర్రాడు జిల్లాలోనే లేడన్నాడు. ఆరు నెలలు నేను నేలమీద నడవలేదు.

తర్వాత లెక్క మొదలైంది. నేను రాసిన కరపత్రం మీద ఆయన పేరు. అడిగితే, “ఉద్యమంలో నాది నీది ఏందిరా?” నా స్నేహితుల్లో ఒక్కొక్కడి గురించి ఒక్కొక్క మాట చెవిలో వేశాడు. ఏడాది తిరిగేసరికి నాకు ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. నలుగురిలో తిట్టేవాడు, రాత్రి ఒంటరిగా పిలిచి టీ తాగించి “నీమీద ప్రేమతోనేరా” అనేవాడు. ఆ టీ కోసం తిట్లు భరించాను. బయటికి రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. వచ్చాక కూడా ద్రోహం చేశానన్న బాధ చాలాకాలం పోలేదు.

ఇప్పుడు ఫోన్లో ఏ వీడియో చూసినా “నార్సిసిస్టు” అనే మాటే. మొగుడు కోప్పడితే నార్సిసిస్టు, అత్త సణిగితే నార్సిసిస్టు. కొంచెం ఆగుదాం. ఆ పేరుతో ఒక మానసిక రుగ్మత ఉంది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో 1980లో దాన్ని చేర్చారు. తొమ్మిది లక్షణాలు చెప్పి, కనీసం ఐదు బలంగా ఉంటేనే ఆ పేరు పెట్టాలన్నారు. తానే గొప్పనుకోవడం, పొగడ్తల ఆకలి, ఎదుటివాళ్ళను వాడుకోవడం, వాళ్ళ బాధ పట్టకపోవడం వాటిలో కొన్ని. ఎవరికి ఉందో తేల్చాల్సింది డాక్టరు. మనకు ఆ తీర్పు అక్కర్లేదు. పాము ఏ జాతిదో తేలేదాకా కాలు తియ్యకుండా ఉంటామా?

మనం చూడాల్సింది ఆ మనిషి మాట్లాడే పద్ధతి, దానివల్ల మనకేమవుతుందీ అని. నేను గుర్తుపట్టడం నేర్చుకున్న మాటలు నాలుగు.

“నీకోసం ఇంత చేశాను.” చేసిన మేలు తీరని అప్పు అవుతుంది. వడ్డీ మాత్రం రోజూ కడుతుంటాం.

“నేనెప్పుడన్నాను?” మన జ్ఞాపకం మీద మనకే నమ్మకం పోగొట్టడం ఇది. ఇంగ్లీషులో దీన్ని గ్యాస్‌లైటింగ్ అంటారు. 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం నుంచి వచ్చిన పేరు. అందులో మొగుడు పెళ్ళాన్ని పిచ్చిదని నమ్మించాలని చూస్తాడు.

“నీది మరీ సున్నితం.” దెబ్బ కొట్టినవాడు పక్కకు తప్పుకుంటాడు, నొప్పి అన్నవాడు నేరస్తుడవుతాడు.

“నేను లేకపోతే నువ్వెవడివి?” దీనికి నేను వ్యాఖ్యానం రాయక్కర్లేదు. మన వాడల్లో పుట్టిన ప్రతి మనిషీ విన్న మాటే.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ నాలుగు మాటలూ మనకు కొత్త కాదు. మానసిక శాస్త్రం పుట్టకముందే కులం వీటిని మన తాతలకు నేర్పింది. పల్నాడులో మిరపకోతలు మొదలయ్యేటప్పుడు అడ్వాన్సు ఇచ్చే ఆసామి ఏమంటాడు? “నువ్వు మా ఇంటి మనిషివిరా.” కూలి ఎంత అని నోరు తెరిస్తే? “ఇంటి మనిషివి, నువ్వు కూడా లెక్కలడుగుతావా?” ఇంటి మనిషైతే గ్లాసు వేరే ఎందుకుందని అడిగితే? “ఎవరో నిన్ను పాడుచేస్తున్నారు.”

పల్నాటి వీరుల కథే తీసుకోండి. పన్నెండో శతాబ్దపు మాట. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనానిని చేశాడనీ చెప్పుకుంటాం. కారంపూడిలో ఏటా వీరారాధన ఉత్సవాల్లో మందపోరు నాడు ఆ చాపకూడును ఇప్పటికీ తలుచుకుంటారు. కన్నమదాసు మా వీరుడు. మా పెద్దోళ్ళు ఆయన పేరు చెప్పి మీసం తిప్పేవాళ్ళు, నేనూ తిప్పుతాను. కానీ “కొడుకులాంటోడు” అనే మాట దగ్గర నేనాగిపోతాను. కొడుక్కి పొలంలో వాటా ఉంటుంది. కొడుకులాంటోడికి ఏముంటుంది? రుణం ఉంటుంది. ప్రేమగా పిలిచినవాణ్ణి లెక్క అడగడం కష్టం. తిట్టేవాడి మీద తిరగబడటం దానికంటే తేలిక.

ఇంకా పెద్ద ఉదాహరణ 1932. ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ అవార్డు వచ్చింది. అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గాలు దక్కాయి. దానికి వ్యతిరేకంగా సెప్టెంబరు 20న గాంధీ ఎరవాడ జైల్లో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆయన మనసులో ఏముందో నేను తేల్చలేను, మనస్ఫూర్తిగానే నమ్మి ఉండొచ్చు. నేను చూసేది ఆ దీక్ష అంబేడ్కర్‌ను ఎక్కడ నిలబెట్టిందీ అని. హక్కు వదులుకో, లేకపోతే ఒక ప్రాణం పోయిన పాపం నీది. ఆ ప్రాణం పోతే దేశంలో ప్రతి ఊళ్ళో మన గుడిసెల మీద ఏం జరిగేదో ఆయనకు తెలుసు. నాలుగు రోజుల్లో, సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి.

అయితే బాబాసాహెబ్ ఉత్త చేతులతో లేవలేదు. ప్రాంతీయ శాసనసభల్లో 71గా ఉన్న సీట్లను 148 చేయించి, కాగితం మీద రాయించి, సంతకాలు పెట్టించి లేచాడు. అంత ఒత్తిడిలో కూడా ఎదుటివాళ్ళ బాధను కాదనకుండానే తన లెక్క తాను అడిగాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. “బయటోళ్ళను విమర్శించు, మనోళ్ళను రోడ్డుకెక్కిస్తే అలుసైపోతాం” అంటారు. ఈ మాట చాలా ఏళ్ళు నేనూ అన్నాను. కానీ అంబేడ్కర్ అనలేదు. 1943లో పూనాలో రనడే మీద ఉపన్యాసమిస్తూ, నాయకుల అహంకారం దేశాన్ని ఎట్లా ఆటవస్తువు చేస్తుందో దులిపేశాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఢిల్లీ నాయకులకే అనుకుంటే పొరపాటు. అది మన పేటలో జెండా పట్టుకున్న అన్నకూ వర్తిస్తుంది. నాకూ వర్తిస్తుంది.

నాకూ అని ఊరికే అనలేదు. కొన్నేళ్ళ కిందట మాచర్ల నుంచి ఒక తమ్ముడు నా దగ్గరికొచ్చి పనిచేశాడు. ఉద్యోగం వచ్చి పోతానంటే నేనేమన్నానో తెలుసా? “నీకోసం ఇంత చేశాను.” వాడి మొహం వాడిపోవడం చూశాక గానీ, ఆ మాట నా నోట్లోకి ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. క్షమించమని అడిగాను. అవమానం తిన్న మనుషులం మనం. ఆ ఖాళీని పక్కవాడి విధేయతతో నింపుకోవాలని అనిపిస్తుంది. అందుకే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మరి ఏం చెయ్యాలి? వీడియోల్లో ఒకటే మందు చెబుతారు: తెంచుకో, ఫోన్ నంబరు బ్లాక్ చెయ్యి. పెద్ద ఊళ్ళో ఫ్లాటులో ఉండేవాళ్ళకు కుదురుతుందేమో. మన పేట ఒకటే, చర్చి ఒకటే, బోరింగు ఒకటే. కేసులో సాక్షులు ఆయన చుట్టాలే అవుతారు. అందుకని తెంచుకోకుండా కూడా చెయ్యగలిగినవి చెబుతాను.

ముందు కాగితాలు మీ దగ్గర పెట్టుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, ఆధార్, ఏదీ ఎవరి సంచిలోనూ ఉండకూడదు, అది నా సంచైనా సరే. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా పొందడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడం, బెయిలు విషయంలో కోర్టుకు మన మాట చెప్పుకోవడం బాధితుల హక్కు. మధ్యలో ఏ అన్న దయా అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100. అట్రాసిటీల సహాయ కేంద్రం 14566.

రెండు, ఒంటరిగా కలవకండి. అమ్మనో, అక్కనో వెంటబెట్టుకుని పోండి. ఇలాంటివాళ్ళ మాట సాక్షి లేనిచోటే బాగా పారుతుంది.

మూడు, జరిగింది ఆ రోజే తేదీ వేసి రాసుకోండి. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి, ఫోన్లో మాట రికార్డు చేసి పెట్టుకోండి. “నేనెప్పుడన్నాను” అన్నప్పుడు ఆయనకు చూపించడానికని కాదు. మీ బుర్ర బాగానే ఉందని మీకు తెలియడానికి.

నాలుగు, వాదించవద్దు. సంజాయిషీ ఎంత ఇస్తే అంత పట్టు దొరుకుతుంది. “ఈ వారం రాలేనన్నా.” అంతే. ఎందుకని అడిగితే మళ్ళీ అదే మాట.

ఐదు, చేసిన మేలుకు నమస్కారం పెట్టండి. రుణం అక్కడితో సరి. స్టేషన్ ముందు కూర్చున్నందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలి, జీవితం రాసివ్వక్కర్లేదు.

ఇంట్లో మొగుడితో, అత్తింటివాళ్ళతో ఇదే బాధ పడే అక్కలకు ఒక మాట. 2005 గృహహింస చట్టం మాటలతో, మనసును హింసించడాన్ని కూడా హింసే అంది. ఒంటి మీద దెబ్బ కనిపించాల్సిన పనిలేదు. 181కి ఫోన్ చెయ్యండి. నిద్ర పట్టక, బతకాలనిపించక ఉంటే 14416, టెలీ మానస్. డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చోళ్ళ నంబరు అని ఎవరన్నా నవ్వితే నవ్వనీయండి.

నిన్న రాత్రి ఆ చెల్లి మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళమ్మనూ, మేనత్తనూ వెంటబెట్టుకుని ఆయనింటికి పోయిందట. కాగితాలు అడిగిందట. ఆయన ఏడ్చాడట. తను కూడా ఏడ్చిందట.

“ఏడ్చి?” అన్నాను.

“ఏడుస్తానే సంచి తీసుకున్నానన్నా.”

వచ్చే భాగంలో చర్చి పెద్దల గురించి, సంఘంలో వెలి గురించి రాస్తాను.

జై భీమ్.