ఒక పుస్తకము, ఇద్దరు రచయితలు

కడప నుండి పులివెందులకు పోవు దారిలో పెండ్లిమర్రి మండలపు పల్లెలు తగులును. అచటి ఏ ఉన్నత పాఠశాలలోనైనను పుస్తకములపై మక్కువ గల పిల్లవాని నొకనిని పిలిచి, “నీకు నచ్చిన పరదేశ రచయిత ఎవరు?” అని అడిగినచో అతడు తడుముకొనకుండ జవాబు చెప్పగలడు. టాల్‌స్టాయ్ అనవచ్చును, గోర్కీ అనవచ్చును, ‘ఏడు తరాలు’ వ్రాసిన అలెక్స్ హేలీ అనవచ్చును. “నీవు ఆ పుస్తకమును ఏ భాషలో చదివితివి?” అన్నచో, “తెలుగులోనే” అనును. “ఆ తెలుగు ఎవరు వ్రాసిరి?” అన్న మూడవ ప్రశ్నకు మాత్రము జవాబు రాదు. పిల్లవానికే కాదు, ప్రశ్న వేసిన ఉపాధ్యాయునికిని పలుమారు రాదు.

ఇది చిన్న మరపు కాదు. హేలీ వ్రాసినది ఆంగ్లమున. పిల్లవానికి కంట తడి పెట్టించిన తెలుగు వాక్యములలో ఒక్కటియు హేలీ కలము నుండి వెలువడినది కాదు. అవి సహవాసి గారి వాక్యములు. 1976లో అమెరికాలో ‘రూట్స్’ అను పేరుతో వెలువడిన ఆ పెద్ద గ్రంథమును వారు కుదించి తెలుగు చేసిరి. మాటకు మాట పెట్టదలచినచో దానికి ‘వేళ్లు’ అని పేరు పెట్టవలసినది. అట్లు పెట్టినచో కొన్నవాడు అది వృక్షశాస్త్ర గ్రంథమేమో అని తిప్పి చూచెడివాడు! తెలుగువాడు వంశమును తలచునపుడు, దీవించినను శపించినను, ఏడు తరముల మాట ఎత్తును. ఆ నుడి అమెరికాలో లేదు. అది ఈ నేలది. బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే సంతతి కథను ఆ రెండు మాటలు తెలుగింటి గడప దాటించినవి.

గోర్కీ నవలకు క్రొవ్విడి లింగరాజు గారు ‘అమ్మ’ అని పేరు పెట్టిరి. ‘తల్లి’ అనినను అర్థము చెడదు. అయితే తల్లి యనునది ఒకరిని గూర్చి చెప్పు మాట. అమ్మ యనునది ఒకరిని పిలుచు మాట. ఆ నవలలోని పావెల్ తల్లిని తెలుగు పాఠకుడు తానే పిలిచినట్లగుటకు కారణము ఆ ఒక్క మాటయే. దాని నెన్నుకొనినవారు లింగరాజు గారు, గోర్కీ కాదు.

దీనికి ఒక ఆక్షేపణ గలదు. “ఇప్పుడు పిల్లలు ఆంగ్ల మాధ్యమమున చదువుచున్నారు గదా! పరదేశ గ్రంథమును ఆంగ్లముననే చదువనిండు; తెలుగు అనువాదము ఎంగిలి కూడు” అని ఉపాధ్యాయులలోనే కొందరందురు. డికెన్స్ విషయమున, మార్క్ ట్వేన్ విషయమున ఈ మాట చెల్లును. చదువ శక్తి గలవాడు మూలమునే చదువవలెను. కాని టాల్‌స్టాయ్, చెకోవ్ రష్యనులో వ్రాసిరి. మొపాసా ఫ్రెంచిలో వ్రాసెను. వారిని ఆంగ్లమున చదువువాడును అనువాదమునే చదువుచున్నాడు. రష్యను రచయితలను సుమారు డెబ్బది సంపుటములుగా ఆంగ్లీకరించిన కాన్‌స్టెన్స్ గార్నెట్ అను ఆంగ్ల వనిత ఉండినది. తాను టాల్‌స్టాయ్ శైలి యని మెచ్చుకొనుచున్నది ఆమె శైలి కావచ్చునని ఎందరికి తోచును? ఎంగిలి యనదలచినచో రెండును ఎంగిలియే.

తెలుగు అనువాదములలో పెక్కు ఆంగ్లము నుండియే వచ్చినవి గనుక అవి మూలమునకు రెండు మెట్లు దిగువనున్నవనుట నిజము. ఆ నష్టమును దాచవలసిన పని లేదు. అయినను తెలుగునకు ఆంగ్లమునకు లేని వసతులు కొన్ని గలవు. రష్యను భాషలో నీవు, మీరు అను భేదము గలదు. ఒక పాత్ర మీరు నుండి నీవునకు దిగుటయే ఒక్కొక్క కథలో పెద్ద సంఘటన. నేటి ఆంగ్లమున రెండింటికిని ఒకటే మాట. ఆంగ్లము పోగొట్టిన దానిని తెలుగు అనువాదకుడు మెలకువతో మరల తేగలడు.

చెకోవ్ నాటకము ఒకటి ఆంగ్లమున ‘అంకుల్ వాన్యా’ అను పేరుతో ప్రసిద్ధము. అంకుల్ అన్న మాటతో ఆంగ్లేయుడు తృప్తిపడి ముందుకు సాగును. తెలుగువాడు పేరు దగ్గరనే ఆగవలెను. ఈ వాన్యా పెదనాయనయా? చిన్నాయనయా? మామయా? తెలియవలెనన్నచో నాటకములోనికి పోయి చుట్టరికము విచారింపవలెను. సోన్యా అను యువతికి తల్లి లేదు. ఆ తల్లికి వాన్యా తోబుట్టువు. కనుక అతడు మేనమామ. సోదరి కట్నము క్రింద భూమి కొనవలసి వచ్చినపుడు అతడు తన వాటా వదలుకొనెను. ఆమె చనిపోయిన పిదప ఆ భూమిలోనే మేనకోడలితో కలిసి పాటుపడుచు, దాని ఆదాయమును బావకు పంపుచుండెను. ఆ బావ ఒకనాడు వచ్చి భూమి అమ్మివేయుదమనును. జమ్మలమడుగు పల్లెలలోని పిల్లవానికి ఈ కథను ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. ‘మామ’ అన్న ఒక్క మాట పెట్టినచో నాటకములో సగము అతనికి ముందే తెలిసిపోవును. ఇది ఎంగిలి కాదు. ఈ చోట తెలుగు ఆంగ్లము కన్న లోతుగా చదువుచున్నది.

“వేమనను సరిగా చదువని పిల్లవానికి చెకోవ్ ఎందుకు?” అను మరియొక వాదము తెలుగు పండితుల నుండియే వచ్చును. దానికి జవాబు కడపలోనే ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. 1824లో ఆయన చేతికి ఒక పుస్తకము వచ్చెను. దక్షిణ దేశమున చాల కాలముండిన అబే దుబువా అను ఫ్రెంచి మతాచార్యుడు దానిని తన భాషలో వ్రాయగా, 1816లో లండనులో ఆంగ్లమున అచ్చయ్యెను. వేమన పేరు అందులో బ్రౌన్ కంటబడెను. తెలుగు నేలపై తిరుగుచు, తెలుగు నేర్చుచుండిన దొరకు తెలుగు కవిని చూపినది ఒక ఫ్రెంచివాని గ్రంథమునకు ఆంగ్లానువాదము! ఆ పిమ్మట ఆయన వ్రాతప్రతులు సేకరించెను, పాఠములు పోల్చెను, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. నాటి పండితులలో పెక్కుమంది వేమనను కవుల లెక్కలో చేర్చలేదు. బ్రౌన్‌కు మాత్రము వేమన నచ్చిన పరదేశ రచయిత. ఆ ఇష్టము వలన లాభపడినవారు తెలుగువారు. బ్రౌన్ బంగళా ఉండిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో గ్రంథాలయము వెలసినది. ఇంటి కవిని ఇంటివారికి చూపుటకు ఒక్కొక్కప్పుడు పొరుగువాని కన్ను కావలసివచ్చును. పొరుగు కవిని చదివినవాడే పొరుగువాని కన్ను ఎట్టిదో ఎరుగును.

పులివెందుల ప్రాంతపు పైడిపాలెమున 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి గారిని గూర్చి ఈ సందర్భమున కొంత తీరికగా చెప్పవలెను. ‘రారా’ అను రెండక్షరములతో ఆయన సాహిత్య లోకమున నిలిచిరి. ‘సంవేదన’ పత్రిక నడపిరి. కథలు వ్రాసిరి. విమర్శకులుగా మొగమాటము లేనివారు. ఆయన విమర్శకు గురియైనవారిలో కొందరు ఆ దెబ్బను చిరకాలము మరువలేదు. 1970వ దశకమున మాస్కోలో ఉండి రష్యను గ్రంథములను తెలుగు చేయు ఉద్యోగము చేసిరి. పిదప ‘అనువాద సమస్యలు’ అను గ్రంథము వ్రాసిరి. ఆయన మరణించిన 1988వ సంవత్సరమునకే దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. కావ్యమునకు కాదు, నవలకు కాదు. ఒక భాషలోని వాక్యము మరియొక భాషలో వాక్యముగా నిలుచుట ఎట్లు అను ప్రశ్నను పట్టుకొనిన గ్రంథమునకు! పెండ్లిమర్రి నుండి పైడిపాలెము ఎంతో దూరము లేదు. అయినను ఆ గ్రంథము ఎన్ని పాఠశాలల బీరువాలలో ఉన్నదో లెక్క తీసినచో సంతోషింపదగిన అంకె రాదేమో.

ఆ సమస్య ఎట్టిదో ఒక్క మాటతో చూపవచ్చును. రష్యను కథ తెరచినచో మంచు కురియును. ఆకాశము నుండి దూదివలె రాలు దానికి తెలుగున మంచు అందురు. గడ్డకట్టిన నదికి మంచు. పుష్యమాసపు తెల్లవారుజామున దారి కానరాకుండ కమ్ము దానికిని మంచే. పులివెందుల ఎండలో పెరిగిన పిల్లవాడు ‘మంచులో కూరుకుపోయిన బండి’ అని చదివి, పొగమంచులో బండి ఎట్లు కూరుకుపోవునని విస్తుపోవును. మంచి అనువాదకుడు ఆ పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాయును. మోకాటి లోతు అనును, అడుగు వేయగా కరకరలాడెననును. చెడ్డ అనువాదకుడు నిఘంటువు చూచి పోవును.

చెడ్డ అనువాదములు కొల్లలు. మాస్కో నుండి తెలుగున వచ్చిన గ్రంథములు కాగితమున, కట్టుదనమున మేలైనవి, వెల స్వల్పము, బడిపంతుళ్ల చేతికి సయితము అందినవి. వానిలో ఉప్పల లక్ష్మణరావు గారి వంటి సమర్థుల కృషి ఉన్నది. తెలుగు నాలుకకు లొంగని బిగువు వాక్యములును ఉన్నవి. 1991లో సోవియట్ యూనియన్ అంతరించిన పిమ్మట ఆ రాక నిలిచెను. చదివి విడిచిన పాఠకునకు తాను విసిగినది టాల్‌స్టాయ్ వలననా, అనువాదకుని వలననా తెలియదు. ఇద్దరి పేర్లును తెలిసినవాడే ఎవరిని మెచ్చవలెనో, ఎవరిని తప్పు పట్టవలెనో ఎరుగును.

అనువాదకుని కష్టమునకు గౌరవము లభించిన సందర్భములు లేకపోలేదు. మదనపల్లె దగ్గరి క్షయ చికిత్సాలయమున రోగిగా ఉండిన కాలమున తోడి రోగి వద్ద వంగ భాష నేర్చిన చక్రపాణి గారు శరత్ నవలలను తెలుగు చేసిరి. శరత్ బాబు తెలుగువాడే అనుకొనినవారు ఉండిరి. అంత చక్కగా మరుగుపడుట అనువాదకుని విజయమే. కాని ఆ విజయమే వాని పేరును తినివేయుట న్యాయమా?

ప్రొద్దుటూరున ఉపాధ్యాయులుగా ఉండిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారు పెనుకొండలో పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యము చదువుకొనిరి. ధర్మానంద కోసంబి గారి మరాఠీ గ్రంథమును ‘భగవాన్ బుద్ధ’గా తెలుగు చేసిరి, విశ్వనాథ వారి ‘ఏకవీర’ను మలయాళమునకు తీసికొనిపోయిరి. పలు భాషలు నేర్చిన ఆ పంతులు గారు ‘శివతాండవము’ను మాత్రము తెలుగుననే వ్రాసిరి. అన్ని భాషలు నేర్చుట ప్రతి ఉపాధ్యాయునికి సాధ్యము కాదు. అడుగుచున్నది అంతకన్న చాల చిన్న పని.

పాఠశాల గ్రంథాలయపు చిట్టాలో గ్రంథము పేరు, రచయిత పేరు, వెల వ్రాయు గళ్లకు ప్రక్కన మరియొక గడి గీయవచ్చును. బీరువాలోని అనువాద గ్రంథములను దింపి, లోపలి పుట తెరచి, తెలుగు చేసినవారి పేర్లు ఆ గడిలో పిల్లల చేతనే వ్రాయింపవచ్చును. కొన్నింటిలో పేరే అచ్చు వేయలేదని వారే కనుగొందురు. తెలుగు, ఆంగ్ల ఉపాధ్యాయులు ఇద్దరును కలిసి, ఒక చిన్న ఆంగ్ల కథలోని పది వాక్యములు నల్లబల్లపై వ్రాసి, తొమ్మిదవ తరగతికి ఒక గంట వ్యవధి ఇచ్చి తెలుగు చేయుమనవచ్చును. అంకుల్ అన్న మాట దగ్గర తరగతి ఆగును. ఒకడు మామ యనును, ఒకతె చిన్నాయన యనును. ఎవరిది సరి యని ఉపాధ్యాయుడు చెప్పరాదు. కథ మొదటినుండి మరల చదివి చూడుమనవలెను.