మార్చలేని తాళంచెవి

పిల్లలూ!

వెనుక మన పల్లెల్లో చదువురానివారు కాగితం మీద బొటనవేలు నిశాని వేసేవారు. చదివినవారు సంతకం చేసేవారు. ఇప్పుడు పెద్ద చదువులు చదివినవారు కూడా ఫోను తెరవటానికి వేలే పెడుతున్నారు! మన ఘనపూర్‌లో రేషన్ బియ్యానికి అమ్మ వేలు పెట్టటం మీరు చూసే ఉంటారు. ఆ వేలిలో ఏమున్నది?

వెలుతురులో మీ బొటనవేలు చూసుకోండి. నాగటి చాళ్ళలాగా సన్నని గీతలు కనిపిస్తాయి. కొన్ని మధ్యలో ఆగిపోతాయి. కొన్ని రెండుగా చీలుతాయి. ఈ తీరు కవలపిల్లలకైనా ఒకటిగా ఉండదు. తల్లి కడుపులోనే ఏర్పడుతుంది. మనం పెరిగితే గీతలు సాగుతాయి గాని, వాటి అల్లిక మారదు.

ఫోను ఈ అల్లికను అంకెల లెక్కగా మార్చి దాచుకుంటుంది. మళ్ళీ వేలు పెడితే ఆ లెక్కతో పోల్చి, సరిపోతేనే తెరుచుకుంటుంది. ఫోనులో భద్రంగా దాచిన పాస్‌వర్డు ఏదైనా మరచిపోతే, వేలు పెట్టి దాన్ని మళ్ళీ చూసుకోవచ్చు.

కాని ఒక చిక్కున్నది. వేలిముద్ర రహస్యం కాదు. మంచినీళ్ళ గ్లాసు మీద కూడా అది పడుతుంది. 2018లో సిమ్‌కార్డు ఇవ్వటానికి ఆధార్ వేలిముద్ర సరిచూసేవారు. ఆ సంవత్సరమే, భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రలను రబ్బరు మీదికి ఎక్కించి, ఇతరుల పేర సిమ్‌కార్డులు తీశాడని పెద్దపల్లి జిల్లా ధర్మారంలోని ఒక దుకాణందారును పోలీసులు పట్టుకున్నారు.

పాస్‌వర్డు దొంగకు తెలిస్తే మరొకటి పెట్టుకుంటాం. వేలికి బదులు కొత్త వేలు మొలవదు గదా! అందుకే ఫోనును ఆపి మళ్ళీ వెలిగిస్తే, మొదటిసారి అది వేలిని ఒప్పుకోదు. మీ రహస్యపు అంకెలే అడుగుతుంది. వేలు తడిసినా, కష్టం చేసి గీతలు అరిగినా ఆ అంకెలే దిక్కు. కనుక వేలున్నది గదా అని అంకెలు మరచిపోకండి.

పెద్దలకు ఒక మాట. ఆధార్‌లోని వేలిముద్రలకు వారి వెబ్‌సైటులో తాళం వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. పిల్లలకు 5 ఏళ్ళు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి ఆధార్‌లో వేలిముద్రలు ఇప్పించటం మరవకండి.

ఇక మీకొక పని. కాగితం మీద పెన్సిలు దట్టంగా రుద్ది, దానికి వేలు అద్ది, తెల్లకాగితం మీద ఒత్తండి. గీతలు ఆగే చోట్లు, చీలే చోట్లు లెక్కపెట్టండి. లెక్క అయ్యాక ఆ కాగితం చింపేయండి. తాళంచెవిని ఎవరూ వీధిలో పారెయ్యరు గదా!