పసిబిడ్డ భోజనం: ఫ్రీజరుకు ముందూ, తర్వాతా



గత వేసవిలో మా ఇంట జరిగిన ఒక పొరపాటును ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను. పొరపాటు నాదే.

నా కోడలు ఉద్యోగం చేస్తున్నది. తొమ్మిది నెలల మనవడి కోసం ఆదివారం నాడే బియ్యం, పెసరపప్పు, క్యారెట్‌తో మెత్తని ఖిచిడీ వండి, చిన్న డబ్బాలలో నింపి ఫ్రీజరులో ఉంచేది. రోజూ రాత్రి ఒక డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి మార్చేది. ఒకనాడు మరచిపోయింది. ఫజ్ర్ నమాజు తర్వాత అది గమనించి, సాయం చేద్దామని నేనే డబ్బా తీసి వంటగది గట్టు మీద పెట్టాను. పదిన్నరకు నా భార్య దానిని గోరువెచ్చగా చేసి బిడ్డకు తినిపించింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ఆహారం ఎంతసేపు బయట ఉన్నదో అడిగి తెలుసుకున్న డాక్టరు, అదే కారణమై ఉండవచ్చునన్నారు. కోడలు నన్ను నిందించలేదు. "అబ్బాజాన్, మీకు నేను చెప్పి ఉండవలసింది" అన్నది. ఆ మాటే నాచేత ఇది రాయిస్తున్నది.

ఈ విషయంలో మన ఇళ్లలో రెండు మాటలు వినబడుతుంటాయి. "గడ్డకట్టిన తిండి బిడ్డకు పెడతారా?" అని పెద్దలు కోప్పడతారు. "ఫ్రీజరులో ఉన్నది చెడదు" అని పిల్లల తల్లులు ధైర్యంగా ఉంటారు. రెండింటిలోనూ సగమే నిజం ఉన్నది. సరిగా గడ్డకట్టించిన ఆహారం బిడ్డకు హాని చేయదు. అయితే చల్లదనం సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి మళ్లీ పెరుగుతాయి. కనుక ప్రమాదం ఫ్రీజరులో కాదు, దానికి ముందు చల్లార్చే వేళలోనూ, తర్వాత కరిగించే వేళలోనూ ఉన్నది. అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులోని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు వంట వేడికి కూడా చావవు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో అవి పుట్టించే విషం మళ్లీ కాచినా పోదు.

చల్లార్చడం: వండిన గుజ్జును వెడల్పైన పళ్లెంలో పలుచగా పరచండి, లేదా గిన్నెను చల్లని నీటిలో ఉంచండి. రెండు గంటలలోపు, మన వేసవిలోనైతే గంటలోపే, అది ఫ్రిజ్‌లోకి చేరాలి. శుభ్రమైన ఐస్ ట్రేలో పోస్తే ఒక్కొక్క గడ్డ సుమారు రెండు చెంచాలవుతుంది. గట్టిపడ్డాక మూత ఉన్న డబ్బాలోకి మార్చి, వండిన తేదీ రాయండి.

నిల్వ: మైనస్ 18 డిగ్రీల వద్ద మాంసం, గుడ్డు కలిసిన ఆహారాన్ని ఒకటి రెండు నెలలలోపు వాడాలి. ఒకే తలుపున్న ఫ్రిజ్ పై అరలో అంత చల్లదనం నిలకడగా ఉండకపోవచ్చు. అందులో పెట్టినదాన్ని రెండు వారాలలోపే ముగించడం మేలు. కరెంటు పోతే తలుపు తెరవకండి. తెరవకుండా ఉంటే విడిగా ఉన్న ఫ్రీజరు నిండుగా ఉన్నప్పుడు దాదాపు 48 గంటలు, సగం నిండి ఉంటే 24 గంటలు చల్లదనాన్ని కాపాడుతుంది. ఫ్రిజ్ కింది అరలకు మాత్రం నాలుగు గంటలే గడువు.

కరిగించడం: రాత్రే కింది అరలోకి మార్చి, కరిగినదాన్ని 24 గంటలలోపు వాడాలి. మరచిపోతే గట్టు మీద పెట్టవద్దు. గడ్డను నేరుగా గిన్నెలో వేసి, కొంచెం నీరు చేర్చి, కలుపుతూ పొయ్యి మీద కాచవచ్చు. గోరువెచ్చన చాలదు, మధ్య భాగంతో సహా ఆవిరి పొగలు రావాలి. ఆ తర్వాత చల్లార్చి, మణికట్టు మీద వేసి చూసి తినిపించండి. మైక్రోవేవ్‌లో వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది కనుక బాగా కలపాలి. కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించకండి.

చివరిగా, బిడ్డ నోటి చెంచా తగిలిన ఆహారాన్ని దాచవద్దు. వృథా అవుతుందని మన పెద్దల మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. అందుకే తినగలిగినంతే గిన్నెలోకి తీయండి. అయినా మిగిలితే పెద్దవారెవరైనా అప్పుడే తినేయవచ్చు.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉన్నది. ఈ నియమాలను కోడలు తెలుగులో రాసింది, నా భార్య కోసం వాటి కింద నేను ఉర్దూలో రాశాను. ఆనాడు నా ఉద్దేశం మంచిదే, కానీ బిడ్డ కడుపును అది కాపాడలేకపోయింది. బిడ్డకు తినిపించే ప్రతి చేతికీ ఈ నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. మీ ఇంట కూడా తల్లి ఒక్కతే వీటిని గుర్తుంచుకోవలసిన పరిస్థితి రానీయకండి.